షూకి ఆయుష్షెంత, మరదలు పిల్లా?

ఫైర్ కంట్రోల్ రూము,
మార్చి, టీ విరామం

బూట్ల డాక్టరమ్మా,

ఫోను ఉండగా ఉత్తరాలేమిటని మీ అన్న ఒకటే నవ్వు. పొద్దున్నించి సాయంత్రం దాకా చెవికి ఫోను తగిలించుకుని కూర్చునేదాన్ని, ఇంటికెళ్ళి మళ్ళీ "హలో" అనమంటే నా వల్ల కాదు. నీ ఫోను సంగతి సరేసరి, కంపెనీ గేటు దగ్గరే లాక్కుంటారు. కాబట్టి ఇద్దరికీ కాగితమే గతి.

ముందు అసలు కబురు. ఈ ఏడు పేరిచ్చేశాను! అవును, ఫైర్ బండి మీదకి. కంట్రోల్ రూములో పనిచేసేవాళ్ళు పరుగు పరీక్ష నెగ్గితే బండి ఎక్కనిస్తారు. వయసు హద్దు ప్రకారం నాకిదే ఆఖరి ఏడు. వచ్చే ఏడు నేను పరిగెత్తినా, పాకినా, పల్టీలు కొట్టినా తీసుకోరు. పరీక్ష జూన్ చివర్లో.

ఎందుకింత పంతమని మీ ఇంట్లో నువ్వొక్కదానివే అడగలేదు, అందుకే నీకు చెప్తున్నాను. మొన్న ఒకావిడ ఫోను చేసింది. వంటింట్లో మంటలు, గది నిండా పొగ. ఆవిడ చేత తలుపు మూయించాను, తడిగుడ్డ ముక్కుకి కట్టించాను, కిటికీ దగ్గర నేల మీద కూర్చోబెట్టాను. బండి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. బండి వచ్చింది, ఆవిడ ఫోను పెట్టేసింది. అంతే! ఆ తర్వాత ఆవిడ ఏమైందో నాకెవరు చెప్తారు? ఇన్నేళ్ళుగా ఇదే వరస. ఒక్కసారైనా ఆ తలుపు నా చేత్తో తియ్యాలి పిల్లా. ఇంకేం అక్కర్లేదు నాకు.

ఇప్పుడు గొడవేమిటంటే కాలు. రెండు వారాలుగా మోకాలి కింద, ముందు ఎముక పొడుగునా ఒకటే సలుపు. పరుగు మొదలెట్టిన కాసేపటికే పట్టేస్తోంది. నువ్వు నవంబరులో పంపిన షూ అయితే ఇప్పటికీ కొత్తదానిలా మెరిసిపోతోంది. అత్తయ్య రోజూ తడిగుడ్డతో తుడిచి, లోపలి అట్ట తీసి గాలికి పెట్టి, సాయంత్రానికి గుమ్మం దగ్గర సర్ది ఉంచుతుంది. నిజం చెప్పనా, పుట్టింట్లో మా అమ్మ కూడా నాకింత సేవ చెయ్యలేదు. "ఈ వయసులో నీకీ గెంతులేమిటే" అని సణుగుతూనే చేస్తుందనుకో, అది వేరే సంగతి.

అడుగున రబ్బరు ఇంకా గరుగ్గానే ఉంది. ఇలాంటి మెత్త షూ ఎన్నాళ్ళొస్తుంది? మార్చాల్సిన టైమొచ్చిందని ఎలా తెలుస్తుంది? లోపం దానిదా, నా కాలిదా? నీకు పుణ్యముంటుంది, తొందరగా చెప్పు.

నీ వదిన

*

షూ కంపెనీ, ఫిర్యాదుల గది,
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదివి ఇక్కడ గట్టిగా ఈల వేశాను. మా సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. చూడనీ! మా వదిన మంటల్లోకి వెళ్తోందని చెప్పాను. "దానికి ఈల ఎందుకమ్మా" అన్నాడు అయోమయంగా.

సరే, కాలి సంగతి. జనం "మీ షూ వల్ల మా మోకాళ్ళు పోయాయి" అని తిట్లు రాసి పాత షూలు మాకు తిప్పి పంపుతారు కదా. వాటిని నిలువునా రెండుగా కోసి, లోపల ఏం జరిగిందో చూడటమే నా పని. అందులో నూటికి తొంభై మంది చేసే పొరపాటే నువ్వూ చేస్తున్నావు. అడుగు చూసి షూ బాగుందనుకుంటున్నావు. అడుగు రబ్బరు మొండిది, ఆఖర్న పోతుంది. ముందు పోయేది మధ్యలో ఉన్న నురుగు. పరుపులో స్పాంజిలాంటిది, అదే నీ అడుగు దెబ్బను మింగేది. అది చచ్చిపోయాక షూ పైకి ఎంత అందంగా ఉన్నా ఉత్త రేకుడబ్బా. ఆ దెబ్బంతా నీ ఎముక మింగాల్సిందే.

ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేను. నెలలు కాదు, పరిగెత్తిన దూరం లెక్క. మామూలుగా ఐదొందల కిలోమీటర్ల నుంచి ఎనిమిదొందల దాకా వస్తుంది. మనిషి బరువైతే తొందరగా, గట్టి రోడ్డయితే ఇంకా తొందరగా పోతుంది. రోజూ విరామం లేకుండా తొక్కితే మరీను. నురుగు ఒకసారి నలిగాక మళ్ళీ పొంగడానికి కనీసం ఒక రోజు విశ్రాంతి కావాలి. అందుకే బాగా పరిగెత్తేవాళ్ళు రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటారు.

బల్ల మీద పెట్టి వెనకనించి చూడు, ఏ పక్కకైనా ఒరుగుతోందా? పక్కనించి చూడు, తెల్లటి నురుగు మీద ముడతలు పడ్డాయా? బొటనవేలితో లోపల నొక్కు, పొంగుతోందా, అట్టలా ఉండిపోతోందా? ఇంకా ఇవి రాయి: వారానికెన్నిసార్లు, ఎంత దూరం, ఎక్కడ? షూతో బజారుకెళ్తావా? ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఆరబెట్టారా? ముఖ్యంగా, అన్నయ్య దాన్ని ముట్టుకున్నాడా? ఇంట్లో ఏ వస్తువు పాడైనా నా మొదటి అనుమానం వాడి మీదే.

అమ్మ సణుగుడు పట్టించుకోకు. పోయినేడు నేను తనకి ఒక జత తీసుకొస్తే, "బూట్లు తొడుక్కుని తిరగడానికి నేనేమన్నా సిపాయినా" అని డబ్బా కూడా విప్పకుండా నా చేతికే ఇచ్చేసింది. అలాంటిది నీ షూ తుడుస్తోందంటే నువ్వు ఏదో మంత్రం వేసి ఉంటావు.

నీ మరదలు

*

ఇల్లు, వంటింటి బల్ల,
మార్చి చివర

డాక్టరమ్మా,

మీ అన్న మీద అన్యాయంగా నింద వేశావని అలిగాడు. నిజమే అనుకో, ఒక వానరోజు నా షూ పొయ్యి పక్కన పెట్టబోయాడు. అత్తయ్య చూసి "ఒరే, మెత్తదనం పోతుందిరా" అని లాక్కుని వరండాలో పెట్టింది. ఆవిడకి ఈ సంగతులెలా తెలుసో, టీవీలో చూసిందేమో.

వారానికి మూడు రోజులు, తెల్లారగానే. స్కూలు వెనక గ్రౌండులో, మట్టి దారి. రోజుకి ఐదు కిలోమీటర్లు, ఎప్పుడైనా తక్కువే గానీ ఎక్కువ లేదు. షూతో బజారుకెళ్ళను, అంత గారం చేస్తున్నాను దాన్ని. ముడతలున్నాయి గానీ ఎక్కువో తక్కువో నాకెలా తెలుస్తుంది? బొటనవేలితో నొక్కితే గట్టిగానే అనిపించింది. మొదట్లో ఎలా ఉండేదో గుర్తు లేదు, నా మొహం, అప్పుడు నొక్కి చూడలేదు కదా.

ఇవ్వాళ పరిగెడుతూ రెండుసార్లు ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. నొప్పికి కాదు, భయానికి.

నీ వదిన

*

షూ కంపెనీ, ఫిర్యాదుల గది,
ఏప్రిల్

వదినా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను. చేదుమాట చెప్పాలి, ఎలా చెప్పినా చేదుగానే ఉంటుంది.

నువ్వు రాసిన లెక్క వేసి చూశాను. ఎంత ధారాళంగా వేసినా ఆ షూ ఇంకా మూడొందల కిలోమీటర్లు దాటలేదు. మట్టి నేల, నీ బరువు కూడా తక్కువే. వారానికి నాలుగు రోజులు దానికి విశ్రాంతి. ఆ లెక్కన దానికింకా సగం ఆయుష్షు మిగిలే ఉండాలి. కాబట్టి లోపం షూది కాదు వదినా. కాలిది.

ఎముకలో సన్నటి చీలిక పడినా ఇలాగే సలుపుతుంది. దాని మీద పరిగెడితే ఆ చీలిక దగ్గర ఎముక విరిగిపోతుంది. పరుగు ఆపెయ్యి. రేపే డాక్టరుకి చూపించు. అక్కడ చీలికే అని తేలితే పరీక్ష సంగతి మర్చిపోవాలి. ఆఖరి ఏడని నాకూ తెలుసు. నువ్వు ఆ తలుపు తియ్యాలని నీతో సమానంగా నాకూ ఉంది. కానీ జీవితాంతం కుంటే వదిన నాకొద్దు.

కోపమొస్తే తిట్టు. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

నీ మరదలు

*

ఫైర్ కంట్రోల్ రూము,
ఏప్రిల్ మధ్య

మరదలు పిల్లా,

తిట్టను. నిన్ను తిట్టి ఏం లాభం?

డాక్టరుకి చూపించాను. ఎక్స్‌రే తీశారు. చీలిక లేదన్నారు, ఎముక చుట్టూ వాపు మాత్రం బాగా ఉందట. "మూడు వారాలు పరుగు మాట ఎత్తకండి" అన్నాడు. "ఎందుకొచ్చింది?" అని అడిగితే "కొందరి కాళ్ళు అంతేనమ్మా" అన్నాడు. కారణం తెలియకుండా మూడు వారాలు కూర్చుని లేస్తే మళ్ళీ అదే నొప్పి రాదని నమ్మకమేమిటి? నా కాళ్ళే ఇంతేమో. ఫోను ముందు కూర్చోడానికే పుట్టిన కాళ్ళు.

పేరు వెనక్కి తీసుకోవడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. తీసేసుకుందామనుకుంటున్నాను. మీ అన్న "ఇంకోసారి ఆలోచించు" అంటాడు. ఆలోచించడానికేముంది? ఆ గ్రౌండులో అందరి ముందూ కూలబడి లేవలేకపోవడం కంటే ఇదే నయం.

షూ చూస్తే ఏడుపొస్తోంది, అందుకే ఈ ఉత్తరంతో పాటు నీకే పంపించేస్తున్నాను. సగం ఆయుష్షుందన్నావుగా, మీ దగ్గర ఎవరికైనా ఇవ్వు.

చిత్రమేమిటంటే నాకంటే అత్తయ్య ఎక్కువ బాధపడిపోతోంది. షూ గుమ్మం దగ్గర లేకపోయేసరికి మంచం కింద, బీరువా వెనక, ఆఖరికి బియ్యం డబ్బా పక్కన కూడా వెతికింది. నీకు పంపేశానని చెప్తే ముఖం మాడిపోయింది. "ఒక్క మాట నాతో అనచ్చు కదే" అంది. రెండు రోజులుగా కుట్టు మిషను దగ్గర కూర్చోనే లేదు. అరికాళ్ళు నొప్పంటుంది. నా కోసం ఇంత దిగులు పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నీ వదిన

*

షూ కంపెనీ, ఫిర్యాదుల గది,
ఏప్రిల్, పార్శిల్ విప్పిన రోజే

వదినా, వదినా,

పేరు వెనక్కి తీసుకోకు! ముందు ఈ వాక్యం ఇంకోసారి చదువు, ఆ తర్వాతే కిందికి రా.

నీ షూ ఎవరికో ఇద్దామని బయటికి తీశాను. చేతిలో పట్టుకోగానే అనుమానం వచ్చింది. నొక్కాను, పొంగలేదు. కోశాను. నురుగంతా చచ్చిపోయింది వదినా. ఏడొందల కిలోమీటర్లు నడిచిన షూ అది, ఇంకా ఎక్కువే కావచ్చు. నువ్వు ఇన్నాళ్ళూ ఉత్త అట్టముక్కల మీద పరిగెత్తావు. నీ కాలు బంగారం. లోపం షూదే.

మరి నా లెక్క ఎలా తప్పింది? నీ లెక్కా తప్పు కాదు, నా లెక్కా తప్పు కాదు. ఆ షూలో ఇద్దరు నడిచారు. నీ మడమ బయటి అంచు మీద పడుతుంది, అటు అరుగుదల నీదే. కానీ కుడి షూ ముందు భాగం వేరే ఎవరో తొక్కారు, బాగా తొక్కారు. ఆ రబ్బరు మీద సన్నటి గళ్ళ అచ్చు నున్నగా పడి ఉంది. ఇనప జాలీ మీద పెట్టి గంటల తరబడి తొక్కితే పడే అచ్చు అది.

ఆ అచ్చు చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. చిన్నప్పుడు నా ఆటలన్నీ ఆ గళ్ళ పక్కనే. మిషను కింద దూరి, అమ్మ కాలు పైకీ కిందికీ ఆడుతుంటే చూస్తూ నిద్రపోయేదాన్ని. ఆ జాలీ నేను కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలను. వదినా, నీ షూ వేసుకుని అమ్మ కుట్టు మిషను తొక్కుతోంది. అంతే కాదు, ఎడమ షూకి కూడా నీది కాని అరుగుదల వేళ్ళ వైపు ఉంది, అందులో గ్రౌండు మట్టి ఇరుక్కుంది; అంటే నువ్వు డ్యూటీకి వెళ్ళాక తను కూడా గ్రౌండుకెళ్తోంది. రోజూ. నువ్వు పొద్దున్న నలిపిన నురుగు పొంగేలోపే అమ్మ మళ్ళీ నలిపేస్తోంది. మీ ఇద్దరి పాదం సైజు ఒకటేనని నాకు ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఎంతైనా మా అమ్మ. కానీ ఇది దాస్తే నీ ఆఖరి ఏడు పోతుంది. డాక్టరు చెప్పిన మూడు వారాలు కదలకుండా కూర్చో. తర్వాత కొత్త షూతో మెల్లగా మొదలుపెట్టు. టైముంది. అమ్మని మాత్రం ఏమీ అనకు. నా కోసం.

నీ మరదలు

*

ఇల్లు, వరండా,
ఏప్రిల్ చివర

పిల్లా,

అనకు అన్నావు. ఎలా అనకుండా ఉండమంటావు? నెల రోజులు నా కాళ్ళని నేనే తిట్టుకున్నాను. పేరు వెనక్కి తీసుకునే కాగితం నింపి పర్సులో పెట్టుకుని తిరిగాను. నేను గదిలో ముసుగుతన్ని ఏడుస్తుంటే పక్క గదిలో నా షూ వేసుకుని జాకెట్లు కుట్టుకుందా మీ అమ్మ? పైగా తుడిచి పెట్టడం! నేనేమో సేవ అనుకుని మురిసిపోయాను. ఎంత పిచ్చిదాన్ని!

అడిగితే ఇవ్వనా? ఇంకో జత తెప్పించనా? ముక్కు మీద కోపం, నెత్తి మీద బింకం, మీ వంశానికంతా ఇదే జబ్బు. నిన్ను కూడా కలిపే అంటున్నాను. రేపు కడిగేస్తాను.

మర్నాడు, అదే వరండా

నిన్నటి ఉత్తరం పోస్టు చెయ్యలేదు. మంచిదైంది.

ఇవ్వాళ డ్యూటీ మార్పించుకుని పదింటికల్లా ఇంటికొచ్చాను, ముఖాముఖీ తేల్చేద్దామని. ఇంట్లో లేదు. సరాసరి గ్రౌండుకెళ్ళాను. మూల గేటు దగ్గర నిలబడి చూశాను.

అత్తయ్య ఒక్కతే ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. కొంచెం నడిచింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, పరుగందుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో చెప్పు జారింది, ఆగింది. మళ్ళీ తొడుక్కుంది, మళ్ళీ పరిగెత్తబోయింది. మళ్ళీ జారింది. ఆఖరికి చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని కంచె పక్కన కూర్చుని అరికాళ్ళు నొక్కుకుంది. ఆ ముఖం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ఆడుకుంటుంటే ఎవరో పిలిచి ఇంటికి లాక్కొచ్చిన పిల్ల ముఖంలా ఉంది.

అక్కడ నడిచే ఒక పెద్దాయన నన్ను చూసి, "మీవాళ్ళా అమ్మా? బాగా పరిగెత్తేది. ఈ మధ్య ఏమైందో, చెప్పులతో వస్తోంది" అన్నాడు.

వెనక్కి వచ్చేశాను. ఆవిడ ఇంటికొచ్చాక "ఎక్కడికెళ్ళారత్తయ్యా?" అంటే "కొత్తిమీరకి" అంది. చేతిలో కొత్తిమీర లేదు. నేనూ అడగలేదు.

పేరు వెనక్కి తీసుకునే కాగితం చించేశాను. ఇప్పుడు చెప్పు, ఆవిడకి నొప్పి తగలకుండా ఈ సంగతి ఎలా చెప్పడం?

నీ వదిన

*

షూ కంపెనీ, ఫిర్యాదుల గది,
మే

వదినా,

నీ ఉత్తరం చదువుతూ ఏడ్చేశాను, సిగ్గు లేదు చెప్పుకోవడానికి. అమ్మ పరిగెడుతుందా? మా అమ్మ? పక్కింటికి వెళ్ళాలన్నా "కాళ్ళు పట్టేశాయి" అనే మనిషి! ఆ పెద్దాయన "బాగా పరిగెత్తేది" అన్న ముక్క మటుకు పదిసార్లు చదువుకున్నాను.

చెప్పకుండా కుదరదు వదినా. రెండు జతలు పంపుతున్నాను, రెండూ ఒకే రకం, ఒకే సైజు. నీలం లేసులవి నీవి, ఎర్ర లేసులవి అమ్మవి. తెలియనట్టు నటించామంటే ఈ కొత్త జతకీ పాత జత గతే పడుతుంది. పక్కపక్కన గుమ్మంలో పెట్టు. ఎర్ర లేసులు తనవని ఒక్క మాట చెప్పు. నెమ్మదిగా చెప్పు. "సిపాయిని కాను" అంటే నువ్వేం మాట్లాడకు, నా మీదికి తోసెయ్యి.

నీ కాలికి నొప్పి పూర్తిగా తగ్గేదాకా నడకే. తర్వాత కొంచెం నడక, కొంచెం పరుగు. పరీక్ష రోజు సరికొత్త షూతో పరిగెత్తకూడదు, ఇప్పటినుంచే దానికి అలవాటు పడు. ఏమాత్రం సలిపినా ఆగు. ఈసారి వట్టి లెక్కలు నమ్మను, షూ ఫొటోలు వారం వారం పంపు.

మిషను దగ్గర మాత్రం ఇంట్లో చెప్పులే వేసుకోమను. ఇనప జాలీ మీద తొక్కితే ఏ షూ బతకదు.

నీ మరదలు

*

ఇల్లు, వంటింటి బల్ల,
జూన్, పరీక్షకి ముందు వారం

మరదలు పిల్లా,

నువ్వు చెప్పినట్టే రెండు జతలూ గుమ్మంలో పెట్టాను. "ఎర్ర లేసులవి మీవత్తయ్యా, మీ అమ్మాయి పంపింది" అన్నాను. ఆవిడ వాటికేసి చూసింది, నాకేసి చూసింది. "నాకెందుకు?" అనలేదు. "దానికెలా తెలిసింది?" అంది.

చెప్పేశాను. నీ నురుగు, నీ గళ్ళ అచ్చు, అన్నీ. చివర్న నా కాలి నొప్పికి కారణం కూడా. అది చెప్పకూడదనుకున్నాను గానీ, ఆవిడ ముందు ఎవరూ అబద్ధమాడలేరు, నీకు తెలుసుగా. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక రోజు చెప్పు తెగితే నీ షూ తొడుక్కుని పాల కోసం వెళ్ళానే. పాదం కింద ఏదో మెత్తగా, వీపు మీద చెయ్యేసి ముందుకి తోసినట్టుంది. దాంతో మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఒకసారి పిల్లని కాదన్నాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

కానీ మొండితనం పోలేదు. "నీ పరీక్ష పాసయ్యాకే అవి నా కాలికెక్కేది. నా వల్ల నీ చాన్సు పోతే జన్మలో తొడగను" అని ఒట్టు పెట్టేసింది. ఎర్ర లేసులు ఇంకా ముడి కూడా విప్పలేదు. నాతో అన్నీ మాట్లాడుతుంది గానీ కళ్ళు కలపదు. గ్రౌండుకి కూడా వెళ్ళడం లేదు. చూస్తుంటే నా కాలు కంటే ఇదే ఎక్కువ సలుపుతోంది.

కాలు బాగుంది. పూర్తిగా అని చెప్పలేను, ఆఖరి రౌండులో కొంచెం గుర్తు చేస్తుంది. నా వేగం హద్దుకి కాస్త ఇటూ అటూగా ఉంది. గట్టిగా అనుకో, నీ అనుకోవడంలో బలముంటుంది.

పాసైతే నా కోసం సంతోషం. పాసవ్వకపోతే అత్తయ్య తనని తను క్షమించుకోదు. దానికే భయం.

నీ వదిన

*

ఇల్లు, మిషను పక్కన,
జూన్ ఆఖరు

బుల్లీ,

మీ వదిన రాస్తానంటే నేనే రాస్తానన్నాను. నువ్వు ఉత్తరం అందగానే ముందు కింద చూసే రకానివి. అలా చూడకు. వరసగా చదువు.

పరీక్షకి నేనూ వెళ్ళాను. నీ అన్న వద్దంటే నాలుగు చీవాట్లు పెట్టాను. సంచీలో మంచినీళ్ళు, తువ్వాలు, నువ్వు పంపిన ఎర్ర లేసుల షూ పెట్టుకున్నాను. మీ వదిన పాసైన మరుక్షణం తొడుక్కుందామని. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. కంచె బయట నిలబడ్డాను.

గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. అందరూ దాని కంటే చిన్నవాళ్ళు. మొదటి రెండు రౌండ్లు అది బాగానే ఉంది, మధ్యలో పరిగెత్తింది. మూడో రౌండు మొదట్లో వెనకబడింది. ఒకసారి వంగి కాలు పట్టుకుంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టిందో చూశాను. అదే చోటు. అదీ నేను చేసిన నొప్పే కదా.

ఒట్టు గుర్తొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను. నేల మీద చతికిలబడి షూ తొడుక్కున్నాను. ఒక లేసు కట్టాను, రెండోది కట్టే ఓపిక లేదు. అది ఆఖరి రౌండుకి నా పక్కకి వచ్చేసరికి కంచెకి ఇటువైపు నేనూ మొదలెట్టాను. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను. కాపలాదారు అడ్డం వచ్చి "అమ్మా, ఎక్కడికి?" అన్నాడు. "తప్పుకోవయ్యా, అక్కడ మా కోడలు పరిగెడుతోంది!" అని అరిచాను. తప్పుకున్నాడు. వెనకనించి ఎవరో నవ్వారు, నవ్వుకోనీ.

"అడుగు చిన్నది చెయ్యవే! చేతులు వదులు చెయ్యి! నన్ను చూడకు, ముందుకి చూడు!" అని అరుస్తూనే ఉన్నాను. అది నన్ను చూసింది. దాని ముఖం ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కానీ కాలు పట్టుకోవడం మానేసింది. నాతో పాటు పరిగెత్తడం మొదలెట్టింది. సగం దూరం పోయేసరికి నాకు ఊపిరాడలేదు. ఆగలేదు. కంచె అయిపోయి గోడ వచ్చింది, అక్కడ ఆగిపోయాను. అది ముందుకెళ్ళిపోయింది. ఆ తర్వాత గీత దాటడం నాకు కనబడలేదు, గోడ అడ్డం.

చాలాసేపటికి కంచె దగ్గరికి వచ్చింది. ఇద్దరం చెరో పక్కా ఇనప కమ్మీలు పట్టుకుని వేలాడాం. నాకు అడగాలంటే భయం. అదే ముందు మాట్లాడింది.

"మీరెందుకు పరిగెత్తారత్తయ్యా?" అంది.

"షూ ఎలా ఉందో చూద్దామని," అన్నాను.

అసలు సంగతి నీకు చెప్తాను, దానికి చెప్పకు. ఈ చలికాలం అంతా దాని పరుగు సగం నేను పరిగెత్తేశాను బుల్లీ. తెలియక చేసినా నేనే చేశాను. అందులో ఒక్క రౌండైనా దానికి తిరిగిచ్చెయ్యాలనిపించింది, అంతే. ఇచ్చానో లేదో నాకు తెలియదు.

పాసైంది.

అమ్మ